మూడు చిన్న గ్లాసుల కొలత

మైపాడు
12 ఫిబ్రవరి 2025, బుధవారం

తమ్ముడు క్రీస్తురాజుకు అక్క రెబెక్కమ్మ రాయడం.

ఫిబ్రవరి ఒకటో తేదీ మామూలుగానే తెల్లవారింది. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ తలుచుకుంటున్నాను. నాలుగున్నరకు లేచి ప్రార్థన చేసుకున్నాను. సముద్రం మీద గాలి లేదు. చేపల ఆటోలు ఒకదాని వెనక ఒకటి నెల్లూరికి పోయాయి. మరునాడు నెలలో మొదటి ఆదివారం, గుడిలో ప్రభువు బల్ల. పదహారేళ్లుగా చేస్తున్నట్టే రెండు కిలోల నల్లద్రాక్ష ఉప్పునీళ్లలో కడిగి, ఉడకబెట్టి, పలచని గుడ్డలో వడకట్టి సీసాల్లో పోశాను. బల్ల దగ్గర సంఘానికి ఆ రసం అందించే నూట ఇరవై చిన్న గ్లాసులు వేడినీళ్లలో తొలిచి, కిటికీ గట్టు మీద తువ్వాలు పరిచి బోర్లించాను. వెన్నెల ఆరున్నర బస్సుకు ఆసుపత్రి డ్యూటీకి పోయింది. పోతూ పోతూ, తన ప్రధానం నాటి పూలదండ గుమ్మం మీదనుంచి అప్పుడే తీయొద్దని చెప్పింది. నీ కూతురు ఇరవై నాలుగేళ్లకు కూడా చిన్నపిల్లే.

ఎనిమిదింటికి నువ్వు వంటింట్లోకి వచ్చావు. చెన్నైలో హోటలు పని నేర్పే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఉందన్నావు. ఇంట్లో ఎవరైనా చేసుకోగల తేలిక పానీయం ఒకటి చేసి వీడియో పంపాలి, సోమవారమే గడువు, మామూలు ఇంటి వంటగదే కనిపించాలి అన్నావు. మద్యమా అని అడిగాను.

"మద్యమే అక్కా, దాచేదేముంది. నేను చేస్తాను, తాగను" అన్నావు.

ఆ ఉద్యోగం వస్తే గోవా బార్లో నిలబడే పని తప్పుతుంది. రైలెక్కితే మూడు గంటల్లో కూతురి దగ్గర ఉంటావు. సరే అన్నాను. ఆ సరే నాది. కాదనను.

ఫోనును బియ్యం డబ్బాకు ఆనించావు. టెకీలా అనే ఆ సీసా చూపించి, చేలకు కంచెగా వేసే మన కిత్తనారకు దాయాది మొక్క నుంచి తీస్తారని చెప్పావు. ఐసు చాలకపోతే చేపల పెట్టెలోది తెమ్మంటావా అన్నాను. నీచు కంపుకు చెన్నై వాళ్లు పడిపోతారని నవ్వావు. గూడూరు నిమ్మకాయ కోశావు. నేను రాళ్లుప్పు దంచి ఇచ్చాను. కొలత గ్లాసు గోవాలో మరిచి వచ్చావు. అప్పుడు కిటికీ గట్టుకు చెయ్యి చాపావు. నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను.

పళ్లెంలో గ్లాసులు సర్దడానికి చిన్నక్క ఎలిశబెతు వచ్చేసరికి ఒక చిన్న గ్లాసు వెల్లకిలా ఉంది. వాసన చూసింది. పక్కనే నీ గాజుగ్లాసు ఖాళీగా, అడుగున నిమ్మచెక్కతో ఉంది. రెండూ ఎత్తి కొంగులో చుట్టుకొని పోయింది. సాయంత్రం గుడి అయ్యగారూ, ఎలిశబెతు పెనిమిటి ఇశ్రాయేలూ, మిగతా సంఘ పెద్దలూ వచ్చి వరండాలో కూర్చున్నారు. తాగిందెవరని ఇశ్రాయేలు అడిగాడు. నువ్వు మాట్లాడలేదు. దాన్నే ఒప్పుకోలుగా రాసుకున్నారు.

నువ్వు మరునాడే రైలెక్కావు కాబట్టి తీర్మానం నేను రాస్తున్నాను. నిన్ను బల్లకు దూరం పెట్టారు. మే ఏడున వెన్నెల పెళ్లి. తండ్రిగా నువ్వు చెయ్యి పట్టుకొని బిడ్డను గుడిలోకి తీసుకురావాలంటే, అంతకుముందు ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి, తాగాను, తప్పయింది అని చెప్పాలి. చెప్పకపోతే ఇశ్రాయేలు తీసుకొస్తాడు.

రెండు నిమిషాల పని. బిడ్డ కోసం వచ్చి చెప్పి పో.

నేను చేస్తే ఫోను ఎత్తడం లేదు. మంచిదే. మన ఇంట్లో ఫోను మాట్లాడితే ప్రహరీ అవతల ఎలిశబెతు బదులు చెప్తుంది. నువ్వు హాస్టల్లో ఉన్నప్పటిలాగా ఉత్తరాలే నయం.

నీ నీలం తువ్వాలు ఇక్కడే ఉండిపోయింది. ఉతికి మడిచి పెట్టాను.

నీకోసం మోకాళ్ల మీద ఉన్న
అక్క రెబెక్కమ్మ


పణజి, గోవా
21 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం హోటలుకు వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కోర్టు నోటీసా అని అడిగినాడు. దాదాపు అట్టాంటిదే అన్నా.

ముందు నా తప్పు రాస్తా. బల్ల గ్లాసుతో మద్యం కొలిచినా. కొలత లేకుండా పోయడం నాకు చేతకాదు, ఇరవై ఏళ్ల అలవాటు. అరవై మిల్లీలీటర్లు, ఒక చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆ చిన్న గ్లాసు ఇరవై పడుతుందని చూడంగానే తెలిసింది. మూడుసార్లు పోసినా. చేతికి అందిన గాజుముక్క అనుకున్నానే గాని, అది ఎవరి బల్ల మీదిదో ఆ నిమిషం తట్టలేదు. నీ ముందు పుట్టి పెరిగినోడికి తట్టకపోవడమే తప్పు. దానికి రేపు రమ్మన్నా వస్తా. సంఘం ముందు నిలబడి చెప్పుకుంటా.

తాగినానని మాత్రం చెప్పను.

నేను గోవాకు పోయేనాడు అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టుకున్నది, నువ్వు పక్కనే ఉండావు. పోసే పని అయితే చేసుకో నాయనా, నీ నోట్లో మాత్రం పోసుకోవద్దు అన్నది. ఈ ఇరవై ఏళ్లలో కొత్త పానీయం రుచి చూడాల్సి వస్తే పక్కవాడికి ఇచ్చి, వాడి మొహం చూసి సరిచేసుకున్నా. తీపి ఎక్కువైతే కనుబొమలు పైకి పోతాయి, పులుపు ఎక్కువైతే ఒక కన్ను మూసుకుంటుంది. అట్లా మొహాలు చదివే బతికినా. నన్ను ఇక్కడ పాస్టర్ అని ఎగతాళి చేస్తారు. గోవాలో పాస్టర్ని, మైపాడులో తాగుబోతును. రెండుచోట్లా నవ్వేవాళ్లకు కొదవ లేదు.

అమ్మ తల మీద పెట్టిన చెయ్యి ఇది. దీన్ని ఎత్తి, తాగినా అని అందరి ముందూ ఎట్లా చెప్పేది?

ఆ పొద్దు నేను రెండు చేసినా, గుర్తు తెచ్చుకో. ఒకటి గాజుగ్లాసులో, వీడియోకు. గ్లాసు నిండా ఐసు, టెకీలా అరవై, దాని మీద టానిక్ నీళ్లు రెండింతలు, అరచెక్క నిమ్మ, చిటికెడు ఉప్పు, ఒకే ఒక్కసారి కలపడం. గట్టిగా తిప్పితే బుడగలు చచ్చిపోతాయి, అదొక్కటే అందులో విద్య. రెండోది స్టీలు గ్లాసులో, నీకు. అందులో మద్యం లేదు. టానిక్ నీళ్లు, నిమ్మ, ఉప్పు, అంతే. చిన్నప్పుడు నీకు చలిజ్వరానికి మింగించిన చేదుమందు ఈ నీళ్లలో కొంచెం ఉంటుందని చెప్పి చేతికిచ్చినా. ఇంతలో నీ ఫోను మోగింది. వెన్నెల. నేను తీసుకొని సిగ్నలు కోసం పెరట్లోకి పోయినా. తిరిగొచ్చేసరికి రెండు గ్లాసులూ ఖాళీ. నువ్వు చేతులు తుడుచుకుంటా ఉండావు. చిన్నక్క వాకిట్లోకి వచ్చేసింది.

రెండింటి రంగూ ఒకటే. రెండింట్లోనూ నిమ్మచెక్క. పొరపాటు పడి ఉంటావు. తెలియక తాగితే పాపం లేదు, అయ్యగారే ఆ మాట చెప్తాడు. ఒక్కటే అడుగుతున్నా. పొరపాటున నేనే తాగినాను అని చెప్పు. నువ్వు చెప్తే ఎవరూ ఏమీ అనరు. నీ మాట మైపాడులో చెల్లుతుంది, నాది చెల్లదు.

వరండాలో నేను నోరు మూసుకున్నది ఒప్పుకొని కాదు. నువ్వు చెప్తావని.

తువ్వాలు నువ్వే వాడుకో.

నీ
రాజు


మైపాడు
4 మార్చి 2025

రాజుకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి పెట్టెలో పెట్టి తాళం వేశాను.

రేపటినుంచి శ్రమదినాలు. నలభై రోజులూ ఒంటిపూట భోజనం. నీ పేరు మీదే.

ఆ ఉదయం సంగతి దేవునికి తెలుసు. మనుషులు ఒక తీర్మానం చేశారు. దాన్ని ఇప్పుడు కదిలిస్తే దానితోపాటు ఇంకా ఎన్నో కదులుతాయి. మొన్న ఆదివారం బల్లకు కూడా ద్రాక్షరసం నేనే చేశాను. అయ్యగారు పిలిచి, ఆ వంటింట్లో జరిగినదానిలో నీ తప్పు లేదు రెబెక్కమ్మా, నిన్ను తప్పించం అన్నారు. నేను తల వంచుకున్నాను.

నిన్ను ఒకటి అడగాలి. పిచ్చమ్మత్త మొన్న వచ్చి చాలాసేపు కూర్చుంది. నా మొహమే చూస్తూ, ఏమే, నీకు బాగుండాదా అని అడిగింది. ఆమె ఎప్పుడూ అట్లా అడిగే మనిషి కాదు. నువ్వు ఆమెకు ఫోను చేశావని ఎలిశబెతు అన్నది. ఏం చెప్పావు? వెన్నెలకు ఏం చెప్పావు? వారం రోజులుగా అది నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. తల్లి పోయిన తొమ్మిదో ఏటినుంచి నా చేతి అన్నం తిన్న పిల్ల. నిన్న అన్నం పెడితే, నేను పెట్టుకుంటాలే అత్తా అన్నది.

నీ మనసులో మాట ఏదైనా ఉంటే నాకు రాయి. ఊరికి చెప్పుకోవద్దు.

సూళ్లూరుపేట నుంచి పెళ్లికొడుకు తల్లి ఫోను చేసింది. నెమ్మదస్తురాలు. పిల్ల తండ్రి సంఘంలో ఒప్పుకోలు చేసుకుంటాడు కదా, మా పెద్దవాళ్లు అడుగుతున్నారు అన్నది. చేసుకుంటాడు అని చెప్పాను.

నా అంగన్‌వాడీలో ఈ నెల పిల్లలు తగ్గారు. తట్టు పోసింది. ఇంటింటికీ తిరిగి చూసి వస్తున్నాను. మోకాలి నొప్పి అట్లాగే ఉంది.

అక్క


పణజి
17 మార్చి 2025

అక్కా,

పిచ్చమ్మత్తకు ఫోను చేసింది నీ మోకాలికి ఆమె చేసే తైలం ఇమ్మని. నీకు ఒంట్లో బాగాలేదు, చూసుకో అని చెప్పినా. అందుకే వచ్చి నీ మొహం చూసింది. తైలం తేవడం మరిచిపోయినట్టుంది. వెన్నెలకు నేను ఏమీ చెప్పలేదు. దాని కోపం నామీద. నాయనా, తాగినానని ఒక మాట అంటే నీకు ఏం పోతుంది, నా పెళ్లి కంటే నీ పంతం ఎక్కువా అని ఏడ్చింది. నా మీది కోపం నీమీద చూపిస్తా ఉంది, అంతే. నువ్వేమో నేను నూరిపోసినా అనుకున్నావు.

చేసుకుంటాడు అని చెప్పినావట సూళ్లూరుపేట వాళ్లకు. ఎన్నడూ అబద్ధమాడని నోరు కదా నీది. నా విషయంలో మాత్రం బాగా సులువుగా తిరుగుతోంది.

రాయకూడదనుకున్నది రాస్తున్నా. ఆ పొద్దు నీ ఫోను తీసుకొని పెరట్లోకి పోయినా గాని, నాది ఆపలేదు. బియ్యం డబ్బా దగ్గర అది నడుస్తానే ఉంది. రైల్లో గుంతకల్లు దాటినాక చూసినా.

నువ్వు స్టీలు గ్లాసులోది తాగి గట్టున పెట్టినావు. చేదుకు మొహం చిట్లించినావు. కిటికీలోనుంచి నేను యాడ ఉండానో చూసినావు. గాజుగ్లాసు తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసినావు. కళ్లు మూసుకొని నిలబడినావు. ప్రార్థన చేస్తున్నావనుకున్నా. మళ్లీ తీసినావు. ఆపకుండా తాగినావు.

పొరపాటని నేను రాసింది నీకు ఒక దారి చూపించడానికి. తలుపు తెరిచి పెట్టినా. నువ్వు ఆ దారిన కూడా రాలేదు.

తాగినాక నవ్వినావక్కా. చిన్నగా, ఎవరో నీకు ఏదో చెప్పినట్టు. అమ్మ పోయినాక నీ మొహంలో ఆ నవ్వు నేను చూడలేదు. ఇరవై ఏళ్లు మొహాలు చదివినోడిని, నాకు తెలుసు. ఆ నవ్వు చూసి నాకు కోపం రాలేదు. కోపం నీ ఉత్తరానికి వచ్చింది. బిడ్డ కోసం వచ్చి చెప్పి పో అని రాసినావే, దానికి.

చెన్నైకి సగం వీడియోనే పంపినా. గ్లాసు అందించేదాకా చూపించాలంట, చూపలేదని ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చినారు. మిగతా సగంలో నీ చెయ్యి ఉంది మరి.

నిన్న దాన్ని తుడిచేసినా. ఎవరికీ చూపలేదు, వెన్నెలకు కూడా. దగ్గర ఉంచుకుంటే ఏదో ఒకనాడు కోపంలో వాడతానని భయం వేసింది. నీమీద సాక్ష్యం దాచుకున్న తమ్ముణ్ణి కాలేను. ఇక ఆ పొద్దుకు సాక్షివి నువ్వొక్కదానివే.

నన్ను ఒప్పుకోలు చేయమని మళ్లీ రాయొద్దు.

రాజు


మైపాడు
27 మార్చి 2025

రాజూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు.

పొరపాటు కాదు. తెలిసే తాగాను.

ఎందుకో రాస్తాను. ఒక్కసారే రాస్తాను. నాకు పదేళ్లప్పుడు, నువ్వు పుట్టిన ఏడు, నాయన నన్ను సారాయి అంగడికి పంపేవాడు. సీసా పావడా మడతల్లో దాచుకొని తెచ్చేదాన్ని. నాలుగేళ్లు తెచ్చాను. ఆయన పోయేదాకా. తరువాత జిల్లాలో ఆడవాళ్లంతా సారా వద్దని బయటికి వచ్చిన ఏడు, అదే అంగడి ముందు చాప వేసుకొని పదకొండు రోజులు కూర్చున్నాను. నాకప్పుడు ఇరవై మూడు. అంగడివాడు నీళ్లు చల్లితే తడిచీరతోనే కూర్చున్నాను. అందరూ ఆ కథే చెప్తారు. సీసాలు తెచ్చిన కథ ఎవరికీ తెలియదు.

ఇన్నేళ్లూ దాన్ని వాసనతోనే ద్వేషించాను. ఆ ఉదయం నీ గ్లాసు చూసి, అమ్మకంటే, నాకంటే, ఊయలలో ఉన్న నీకంటే నాయనకు అది ఎందుకు ఎక్కువైందో ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది. గొంతు మండుతుందనీ, ఉమ్మేస్తాననీ అనుకున్నాను. ఇంత పాడు వస్తువు కోసమా పోయాడని ఆయన మీద జాలిపడి, అక్కడితో క్షమించేద్దామనుకున్నాను.

బాగుంది రాజూ. చల్లగా, నిమ్మవాసనతో. చేదు నాలుక చివర మాత్రం. కాసేపటికి భుజాల మీదనుంచి ఏదో దిగిపోయింది. నాయన నాకు అర్థమయ్యాడు. అది నాకు మేలు చేయలేదు.

సాయంత్రం ఇశ్రాయేలు అడిగినప్పుడు చెప్పాలనే లేచాను. నువ్వు నావైపు చూశావు, అదీ చూశాను. కిటికీలో గ్లాసులు కనిపించాయి. వచ్చే నెల వాటిని ఎవరు కడుగుతారు అనుకున్నాను. నాకు పెళ్లి లేదు, బిడ్డలు లేరు. నెలకొక శనివారం ఆ నూట ఇరవై గ్లాసులు ఉన్నాయి. మళ్లీ కూర్చున్నాను. నిన్ను వదిలేయడానికి నాకు అంతమాత్రం చాలింది.

మంచి శుక్రవారం లోపల అందరినీ కూర్చోబెట్టి చెప్తాను. అయ్యగారికి కూడా చెప్తాను. నువ్వు టికెట్టు తీసుకో.

రెబెక్క


పణజి
5 ఏప్రిల్ 2025

అక్కా,

టికెట్టు తీసుకున్నా. మే మూడో తేదీకి నెల్లూరులో దిగుతా.

కోటు కుట్టిస్తున్నా, బూడిద రంగుది. టైలరు కొలతలు తీస్తా పెళ్లి నీదా అని అడిగినాడు. కూతురిది అంటే నా జుట్టు చూసి నమ్మినాడు. ఇన్నేళ్లూ వేరేవాళ్ల పెళ్లి విందుల్లో నల్లకోటు వేసుకొని ట్రే పట్టుకున్నా. నాకోసం కోటు ఇదే మొదలు. గుడి వాకిటినుంచి లోపలికి పోయేటప్పుడు వెన్నెల నాకు కుడిపక్క ఉండాలా, ఎడమపక్కనా? అయ్యగారిని అడిగి రాయి. ఇక్కడ అద్దం ముందు మా వంటవాడి చెయ్యి పట్టుకొని రెండు రకాలూ నడిచి చూసినా. వాడు సిగ్గుపడినాడు.

చెప్పేటప్పుడు ఒక్కటే. తగ్గించొద్దు, పెంచొద్దు. నువ్వు పెంచి చెప్తే నాకోసం చెప్తున్నావనుకుంటారు. బల్ల గ్లాసు తప్పు నాది, అది నేనొచ్చి చెప్పుకుంటా.

నాయన మొహం నాకు గుర్తులేదు. నువ్వు సీసాలు తెచ్చినదీ నాకు తెలియదు. ముందే చెప్పుంటే ఆ గ్లాసు నీ ముందు పెట్టేవాణ్ణి కాదు. ఒకమాట మాత్రం మనసులో పెట్టుకో. బాగుందన్నావు చూడు, నా చేతి పనికి నేను నమ్మిన మెప్పు అదొక్కటే. బార్లో పొగిడేవాళ్లంతా రెండో గ్లాసు కోసం పొగుడుతారు.

ఉపవాసం ఆపు. మోకాలికి మంచిది కాదు.

నీ తమ్ముడు
రాజు


మైపాడు
12 ఏప్రిల్ 2025, శనివారం

రాజుకు,

ఈ సాయంత్రం చెప్పాను. దీపాలు పెట్టకముందే అందరినీ పిలిచాను. ఎలిశబెతు, ఇశ్రాయేలు, పిచ్చమ్మత్త, డ్యూటీ నుంచి వచ్చిన వెన్నెల. అయ్యగారు కాస్త ఆలస్యంగా వచ్చారు. వరండాలోనే కూర్చున్నారు, ఆ రోజు కూర్చున్న చోటే. నేను నిలబడి చెప్పాను. తగ్గించలేదు, పెంచలేదు. స్టీలు గ్లాసు, గాజుగ్లాసు, వాసన చూడటం, తాగడం, బాగుండటం.

పిచ్చమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. తమ్ముడి తప్పు తన నెత్తిన వేసుకుంటా ఉంది పిచ్చిది అన్నది. ఎలిశబెతు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"నీకు అబద్ధమాడటం కూడా చేతకాదక్కా. సారా అంగడి ముందు పదకొండు రోజులు కూర్చున్నదానివి నువ్వు. మాకు తెలియదా" అన్నది.

నిజమే చెప్తున్నాను అన్నాను. వీడియో ఉండేదని చెప్పాను. చూపించమన్నారు. తుడిచేశాడన్నాను. ఇశ్రాయేలు నవ్వలేదు. తల ఊపాడు, జ్వరం వచ్చిన పిల్లల మాటకు ఊపినట్టు.

పెట్టె తాళం తీసి నీ ఉత్తరాలు తెచ్చి ఇచ్చాను. ఇశ్రాయేలు మొదటిది తీశాడు. చదివి, ఒకచోట వేలు పెట్టి, అందరికీ వినిపించేట్టు చదివాడు. పొరపాటున నేనే తాగినాను అని చెప్పు. నీ మాట మైపాడులో చెల్లుతుంది, నాది చెల్లదు. రెండుసార్లు చదివాడు. చూసినారా, ఏం చెప్పాలో కూడా వాడే రాసి పంపించినాడు అన్నాడు. మిగతావి చదవమన్నాను. ఇది చాలు వదినా అని మడిచి నా చేతిలో పెట్టాడు. అయ్యగారినైనా చదవమని చాపాను. తమ్ముడి ఉత్తరాలు, మీ ఇద్దరి మధ్య ఉండనియ్యమ్మా అన్నారు. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఇటువంటి అక్క ఉండటం సంఘానికి దీవెన అన్నారు. ప్రసంగంలో చెప్తానంటే వద్దన్నాను. వినయమనుకున్నారు.

నేను మళ్లీ చెప్పి ఉండవలసింది. గట్టిగా. రేపు గుడిలో లేచి నిలబడి చెప్తానని అనవలసింది. అనలేదు. వాళ్లు నమ్మకపోవడం చూసి నా లోపల ఒకటి కుదుటపడింది. అది నీ దగ్గర దాచను.

వెన్నెల ఒక్కతే నమ్మింది. అందరూ పోయే ముందు టీ గ్లాసులు కడుగుతుంటే పక్కకు వచ్చింది.

"అత్తా, ఈ మాట ఫిబ్రవరిలో చెప్పుంటే సరిపోయేది" అన్నది.

నా చేతిలో గ్లాసు తీసుకొని తను కడిగింది. నేను కడిగినవి కూడా మళ్లీ కడిగింది.

నువ్వు అడిగింది అయ్యగారిని అడిగాను. పెళ్లికూతురు కుడిపక్క ఉండాలట. ఇశ్రాయేలు కోసం అడుగుతున్నాననుకున్నారు.

ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించింది ఇది. ఈ సాయంత్రం నేను చెప్పిన మాట ఈ ప్రహరీ దాటకూడదు. సూళ్లూరుపేట వాళ్ల చెవిన అసలే పడకూడదు. తీర్మానం ఉన్నది ఉన్నట్టే. వెన్నెలను ఇశ్రాయేలు లోపలికి తీసుకొస్తాడు. నువ్వు ఒప్పుకోలు చేయకపోయినా పెళ్లికి రావచ్చు, చుట్టంగా. వెనక వరసలో నీకు కుర్చీ వేస్తారు. పెళ్లి రోజుల్లో నాకు ఊరటగా ఉంటుందని నిన్ను మన ఇంట్లోనే దిగనివ్వమన్నారు. మే నాలుగు, మొదటి ఆదివారం బల్లకు ద్రాక్షరసం నేనే చేయాలి. చిన్న గ్లాసులు మాత్రం సంఘం కొత్తవి తెప్పించింది. పాతవి ఇక గుడికి పనికిరావు గనుక, నూట ఇరవైనీ నన్నే ఉంచుకోమన్నారు.

రెబెక్కమ్మ